బీజింగ్ సందుల్లో నాలుగిళ్ళ వాకిళ్ళు

చైనా వెళ్ళి వచ్చామని తెలిసిన దగ్గర నుంచి సంఘం మిత్రులు కనబడిన ప్రతివారూ ఒకే ప్రశ్న వేస్తున్నారు: "గోడ ఎక్కారా?" అని. ఎక్కాము. మోకాళ్ళు మొరాయించేదాకా ఎక్కాము. చక్రవర్తుల కోట కూడా చూశాము. ఆ ఫోటోలు కావలసినవారు మా ఇంటికి దయచేస్తే కాఫీతో సహా చూపిస్తాము. కాని ఈ వ్యాసం వాటిని గురించి కాదు. మేమున్న ఆరు రోజుల్లో నాలుగు రోజులు మమ్మల్ని తమ చుట్టూ తిప్పుకున్నవి కోటలు కావు, సందులు.

మేమిద్దరమూ వైద్యులమే. 2024 అక్టోబరులో ఒక వైద్య సదస్సు కోసం బీజింగ్ వెళ్ళాము. పిల్లలిద్దరినీ వెంట తీసుకుపోయాము. బయలుదేరడానికి రెండు వారాల ముందు, ఊరి నుంచి మా బాబాయిగారు పంపిన కవరు ఒకటి వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లాలో మా తాతగారు కట్టించిన మండువా లోగిలిని పడగొట్టి, ఆ స్థలాన్ని అపార్టుమెంట్లు కట్టేవారికి ఇవ్వడానికి మా సంతకం కావాలని అందులో ఒక కాగితం. మేము సంతకం పెట్టలేదు. "అలాంటి ఇల్లు మళ్ళీ ఎవరు కడతారు బాబాయ్, ఉండనివ్వండి" అని ఫోనులో చెప్పి, ఆ కాగితాన్ని బల్ల సొరుగులో పెట్టి విమానం ఎక్కాము. బీజింగ్ సందుల్లో మేము చూసినదంతా ఈ కాగితం మనసులో ఉండగా చూసినదే. అందుకని ముందే చెప్పుకుంటున్నాము.

సందు ఎందుకు అటు నుంచి ఇటే వెళుతుంది?

బీజింగ్‌లో సందును "హుతోంగ్" అంటారు. ఈ మాట చీనా భాషది కాదనీ, మంగోలుల నుంచి వచ్చిందనీ, నీళ్ళ బావి అనే అర్థమున్న మాటకు రూపాంతరమనీ చాలామంది పండితుల అభిప్రాయం. కాదనేవారూ ఉన్నారు. ఏమైనా బావి చుట్టూ వాడ కట్టుకోవడం మనకు కొత్త సంగతి కాదు కనుక మాకు ఆ వాదమే నచ్చింది.

కుబ్లాయి ఖాన్ 1267లో ఇక్కడ తన రాజధాని దాదూ నగరాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. నగరం గళ్ళు గీసిన చదరంగం బల్లలా ఉందని మార్కో పోలో రాసుకున్నాడు. పెద్ద వీధి 24 అంగల వెడల్పు, చిన్న వీధి 12 అంగలు అని ఆనాటి లెక్క. ఆ వీధులకు అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటిగా సందులు. పాత నగరం పటం చూస్తే సందుల్లో ఎక్కువ భాగం తూర్పు పడమరలుగానే పరుగెత్తుతాయి. కారణం చాలా సులువు. ఇంటి ముఖం దక్షిణానికి ఉండాలి. ప్రతి ఇంటి ముఖమూ దక్షిణానికి ఉండాలంటే వీధి తూర్పు పడమరలుగా పోక తప్పదు. అంటే అక్కడ ముందు వీధి వేసి తరువాత ఇల్లు కట్టలేదన్నమాట. ఇల్లు ఎలా ఉండాలో ముందే తెలుసు, దాన్నిబట్టి వీధి వేశారు.

నాన్‌లువోగు షియాంగ్ అనే వీధి ఇందుకు మంచి ఉదాహరణ. ఉత్తర దక్షిణాలుగా ఒక వీధి, దానికి ఇటు ఎనిమిది, అటు ఎనిమిది సందులు. దానికి అక్కడివారు పెట్టుకున్న ముద్దుపేరు జెర్రి వీధి. ఇప్పుడు ఆ జెర్రి వెన్నెముక మీద అంతా ఐస్‌క్రీము దుకాణాలే. జనం తాకిడి తట్టుకోలేక 2016లో టూరిస్టు బృందాలను రానివ్వడం మానేశారు. కాని పది అడుగులు పక్క సందులోకి తిరిగితే చాలు, సైకిలు గంట తప్ప మరో చప్పుడు లేదు.

సందుల పేర్లు వింటూ తిరగడం ఒక సరదా. బావి సందు, టోపీ సందు, బంగారు చేప సందు. కొన్ని పేర్లు మరీ మొరటుగా ఉన్నాయని తరువాతి కాలం వారు సిగ్గుపడి, ధ్వని చెడకుండా అర్థం మార్చేశారు. "కుక్క తోక" సందు, కొంచెం అటూ ఇటూగా అదే పలుకుబడితో ఒక పెద్దమనిషి పేరులా మారిపోయింది. "చిన్న గొర్రెల దొడ్డి" సందు "చిన్న యాంగ్ వారి" సందయింది. ఆ గొర్రెల దొడ్డి సందులోనే 1899లో పుట్టిన లావో షే పెద్ద రచయిత అయి, అదే సందును రంగస్థలంగా చేసుకుని నాలుగు తరాల కుటుంబం కథను పెద్ద నవలగా రాశాడు.

గుమ్మం ఆగ్నేయంలో!

ఇక ఇంట్లోకి వెళదాము. ఈ ఇంటిని "సిహేయువాన్" అంటారు. నాలుగు వైపులా మూసిన వాకిలి అని అర్థం. మన భాషలో నాలుగిళ్ళ వాకిలి అనుకోవచ్చు. ఉత్తరాన దక్షిణ ముఖంగా పెద్దిల్లు, తూర్పున ఒకటి, పడమట ఒకటి, దక్షిణాన వీధికి వీపు పెట్టి మరొకటి. నడుమ ఆకాశం. వీధి వైపు కిటికీ ఉండదు, ఉన్నా ఎత్తున చిన్నది. బయట నుంచి చూస్తే సందు పొడుగునా బూడిద రంగు ఇటుక గోడ, అక్కడక్కడ ఒక తలుపు. అంతే. సంపద అంతా గోడకు అవతల.

ఆ తలుపు ఎక్కడ ఉంటుందనుకున్నారు? ఆగ్నేయ మూల! మన వాస్తు ప్రకారం పొయ్యి పెట్టవలసిన చోట వారు వీధి గుమ్మం పెట్టారు. మనం ఇంటి యజమాని గదికి కేటాయించే నైరుతి మూల వారి మరుగుదొడ్డికి పోయింది. మన సంఘంలో ఇల్లు కొనేముందు దిక్సూచి పట్టుకుని తిరిగే మిత్రులు ఈ సంగతి విని ఏమంటారో తెలుసుకోవాలని ఉంది. వారి శాస్త్రం వారిది, అంతే పట్టింపుగా ఆరేడు వందల ఏళ్ళు నడిచింది.

గుమ్మం దాటగానే ఎదురుగా మరో గోడ. సూటిగా లోపలికి చూపు పోకూడదు. చెడుగాలి సూటిగానే నడుస్తుంది కనుక ఆ గోడకు కొట్టుకుని వెనక్కి పోతుందని నమ్మకం. అటు తిరిగి, ఇటు తిరిగితే ముందు వాకిలి. దాని తరువాత పూల చెక్కడాలు వేలాడే రెండో గుమ్మం. పెద్ద కుటుంబాల్లో ఆడపిల్లలు ఆ రెండో గుమ్మం దాటి ఇవతలకు రాకూడదు. ఆ రోజుల్లో మన దగ్గర మాత్రం తక్కువా! గడప ఎత్తుగా ఉంటుంది, దానిమీద కాలు పెట్టకూడదు. మా అమ్మాయి గడప మీద నిలబడబోతే, మేము నోరు తెరిచేలోపే అక్కడి ముసలాయన వారించాడు. ఆ ఒక్క క్షణం మాకు దుబాసీ అవసరం లేకపోయింది.

లోపల ఎవరి చోటు వారిది. ఉత్తరపు పెద్దింట్లో తాతా నాయనమ్మలు. తూర్పు ఇల్లు పెద్ద కొడుకుది, పడమటిది చిన్న కొడుకుది. దక్షిణపు ఇల్లు, ఎండ సోకని చోటు, అతిథులకూ నౌకర్లకూ. ఇంకా వెనక మరో వరుస ఉంటే అది పెళ్ళికాని ఆడపిల్లలకు. ఇంటి పటం గీస్తే కుటుంబం పటం కూడా గీసినట్లే. ఊరి పటంలోనూ ఇదే వరస. మింగ్ వంశపు 1393 నాటి నియమం ప్రకారం సామాన్యుడి ఇల్లు ఎదుటి వైపు మూడు అంకణాలకు మించకూడదు. పసుపు పెంకు చక్రవర్తికి. మిగతా ప్రజకు బూడిద రంగు. గుమ్మం లోతునూ, దాని ముందరి రాతి చెక్కడాన్నీ చూసి ఇంటాయన హోదా చెప్పేయవచ్చు.

చెట్లలోనూ పట్టింపు ఉంది. దానిమ్మ మంచిది, గింజలన్ని పిల్లలు కలుగుతారు. రేగు, పెర్సిమన్ మంచివి. మల్బరీ పనికిరాదు, దాని పేరు పలికితే చావు మాటలా వినిపిస్తుంది. బేరి పనికిరాదు, దాని పేరు ఎడబాటు మాటలా వినిపిస్తుంది.

ఇదంతా చూస్తుంటే మాకు సహజంగానే మా తాతగారి లోగిలి గుర్తుకు వచ్చింది. నడుమ ఆకాశం అక్కడా ఉంది. కాని ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన మండువా ఒకే ఇల్లు. నాలుగు వైపుల పెంకు కప్పూ లోపలికి వాలి, వాన నీరంతా నడిమి గుంటలో పడుతుంది. చుట్టూ వసారా. తడవకుండా, ఎండ తగలకుండా ఇంటి చుట్టూ తిరిగి రావచ్చు. మనకు కావలసింది నీడా గాలీ కనుక ఆకాశానికి చిన్న కిటికీ తెరిచారు. బీజింగ్ వారివి విడివిడిగా నాలుగు ఇళ్ళు, వాకిలి విశాలం. అక్కడ చలికాలం వాయవ్యం నుంచి కోత గాలి వస్తుంది. దానికి అడ్డంగా పెద్దింటి వెనక గోడ మూసేసి, దక్షిణం వైపు తెరిచారు. శీతాకాలపు సూర్యుడు ఆకాశంలో కిందుగా నడుస్తాడు కనుక, వాకిలి విశాలంగా ఉంటేనే ఆ ఎండ గది లోపలి దాకా పడుతుంది. మనది ఎండ నుంచి దాక్కునే ఇల్లు, వారిది ఎండను పిలుచుకునే ఇల్లు. ఆకారం ఒకటే, అవసరం వేరు.

ఒక కుటుంబం ఇల్లు పది కుటుంబాల వాడ అయింది

మేము చదువుకుని వెళ్ళిన ఇల్లు ఇది. మేము కళ్ళారా చూసిన ఇల్లు వేరు.

మాకు తోడు వచ్చిన విద్యార్థిని ఒక సందులో తెరిచి ఉన్న గుమ్మం చూపించి, "లోపలికి రండి, ఇక్కడివారు నాకు తెలుసు" అంది. లోపలికి వెళితే వాకిలి కనబడలేదు. వాకిలి ఉండవలసిన చోట ఇటుక గదులు, రేకు కప్పులు, వాటి నడుమ ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. సైకిళ్ళు, పూలకుండీలు, చలికాలానికి పేర్చిపెట్టిన క్యాబేజీలు, తల మీద ఆరేసిన బట్టలు. మా అబ్బాయి, "ఇందులో ఇల్లు ఏది?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పదకొండు కుటుంబాలు ఉంటున్నాయట. ఇలాంటిదాన్ని "దాజాయువాన్" అంటారు, కలగూరగంప వాకిలి అనుకోండి.

ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. 1949 తరువాత రాజధానికి జనం వచ్చి పడ్డారు, ఇళ్ళు చాలలేదు. పెద్ద ఇళ్ళను పంచి కుటుంబాలకు గదులు కేటాయించారు. 1958లో అద్దె ఇళ్ళు ప్రభుత్వ అజమాయిషీ కిందికి వచ్చాయి. 1966లో సాంస్కృతిక విప్లవం వచ్చి, మిగిలిన యజమానుల్లో చాలామందిని తమ ఇళ్ళలోనే ఒక మూలకు నెట్టింది. 1976 జూలై 28న బీజింగ్‌కు సుమారు 150 కిలోమీటర్ల దూరాన తాంగ్‌షాన్‌లో మహా భూకంపం వచ్చింది. పాత కప్పుల కింద పడుకోవడానికి భయపడి బీజింగ్ జనం వాకిళ్ళలో, వీధుల్లో పాకలు వేసుకున్నారు. భయం తగ్గింది, పాకలు మాత్రం పోలేదు. ఇటుక గోడలు పెరిగి వంటిళ్ళయ్యాయి, పెళ్ళయిన కొడుకులకు పడకగదులయ్యాయి. వాకిలి అలా మాయమయింది. అద్దె నామమాత్రం కనుక మరమ్మతుకు డబ్బు లేదు. ఇల్లు తనది కాదు కనుక చేయించేవాడూ లేడు.

ఠాకూరు నాటకం, కూలిపోయిన ఇల్లు

ఈ సందుల కథలో మనకు సంబంధించిన పుట ఒకటి ఉంది. దాన్ని మేము ఒక ఆస్పత్రి దగ్గర చూశాము.

బీజింగ్‌లో పేరుమోసిన యూనియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఒక హుతోంగ్‌లోనే ఉంది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వారు యూ రాకుమారుడి పాత భవంతి స్థలం కొని, ఆకుపచ్చ పెంకు కప్పులతో కట్టించి 1921లో ప్రారంభించారు. ఆ కాలేజీ సభాభవనంలో 1924 మే 8న, బీజింగ్‌లో ఉన్న రవీంద్రనాథ ఠాకూరు పుట్టినరోజు సందర్భంగా ఆయన "చిత్ర" నాటకాన్ని చీనా యువకులు ప్రదర్శించారు. మన భారతంలోని చిత్రాంగద కథే. చిత్ర వేషం కట్టిన అమ్మాయి లిన్ హ్వేయిన్. తెర వెనక రంగాలంకరణ చేసిన కుర్రవాడు లియాంగ్ సుచెంగ్.

అదే ఏడు ఇద్దరూ చదువు కోసం అమెరికా వచ్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరారు. వాస్తుశిల్ప విభాగం ఆడపిల్లలను చేర్చుకోలేదు కనుక ఆమె లలిత కళల విభాగంలో చేరి, వాస్తుశిల్పం పాఠాలు అలాగే చదువుకుంది. ఆ పట్టాను విశ్వవిద్యాలయం వారు 2024లో, ఆమె పోయిన 69 ఏళ్ళకు ఇచ్చారు. పెళ్ళి చేసుకుని 1928లో వారు స్వదేశం వెళ్ళిపోయారు. తరువాతి ఏళ్ళలో దేశమంతా తిరిగి పాత కట్టడాలు కొలిచారు, పటాలు గీశారు. 1930లలో బీజింగ్‌లో వారు కాపురమున్నది బేజోంగ్‌బు హుతోంగ్‌లోని ఒక నాలుగిళ్ళ వాకిలిలో.

1950 ఫిబ్రవరిలో లియాంగ్, చెన్ జాన్‌షియాంగ్ అనే మరో నగర నిర్మాణ నిపుణుడితో కలిసి ప్రభుత్వానికి ఒక ప్రతిపాదన ఇచ్చాడు. పాత నగరాన్ని ముట్టుకోవద్దు, కొత్త ప్రభుత్వ కార్యాలయాలన్నిటినీ పడమర వైపు బయట కట్టుకోండి అని దాని సారాంశం. కోట గోడను పడగొట్టకుండా దానిమీద ప్రజలకు తోట వేయమని కూడా చెప్పాడు. వినలేదు. గోడ పోయింది. 1965లో మొదలైన భూగర్భ రైలు పనులు మిగిలినదాన్ని కూడా తినేశాయి. ఈనాడు రెండో నెంబరు రైలు నగరం చుట్టూ ఆ గోడ జాడలోనే తిరుగుతున్నది. స్టేషన్ల పేర్ల చివర "మెన్" అని వినిపిస్తుంది, అంటే ద్వారం. ద్వారాలు చాలావరకు లేవు, స్టేషన్లు ఉన్నాయి. మేము ఆ రైల్లో ఒక చుట్టు పూర్తిగా తిరిగాము.

1980ల తరువాత ఊరు ధనవంతమయింది. సందు గోడల మీద సున్నంతో ఒక అక్షరం రాసి చుట్టూ సున్నా చుట్టడం మొదలయింది. ఆ అక్షరాన్ని "చాయ్" అని పలుకుతారు. మనకు తేనీరు గుర్తుకు వస్తుంది, వారికి "పడగొట్టు" అని అర్థం. 1949లో 3,000కు పైగా ఉన్న సందులు 2000ల తొలి సంవత్సరాలకు సుమారు సగానికి తగ్గాయి. లియాంగ్ దంపతులు నివసించిన ఇంటిని చారిత్రక కట్టడంగా గుర్తించిన తరువాత కూడా 2012 జనవరిలో కూల్చేశారు. పాత ఇళ్ళను కాపాడమని జీవితమంతా మొత్తుకున్నవారి ఇల్లే పోయింది. ఇది విన్నప్పుడు, నిజం చెప్పవద్దూ, మా సొరుగులోని కాగితం గుర్తుకు వచ్చి మేము చేసిన పని సరైనదేనని గర్వపడ్డాము.

నాయనమ్మ చెప్పిన మాట

ఆ గర్వం ఒక పూట కూడా నిలవలేదు.

కలగూరగంప వాకిలిలోని పెద్దావిడకు ఎనభై దాటాయి. సందులో పిల్లలందరూ ఆమెను "నైనయ్" అంటారు, అంటే నాయనమ్మ. మాకు చిన్న ముక్కాలి పీటలు వేసి, మల్లెపూల టీ ఇచ్చింది. వాకిలిలో మిగిలిన ఒకే ఒక పాత చెట్టు, పెర్సిమన్, కాయలతో నారింజ రంగుగా ఉంది. పైన ఎవరివో పావురాలు గుంపుగా తిరుగుతున్నాయి. వాటి తోకలకు చిన్న ఈలలు కడతారట, ఆకాశమంతా వేణువు ఊదినట్లు ఉంది. మేము పరవశించిపోయి, "ఎంత బాగుందో మీ ఇల్లు. దీన్ని ఎప్పటికీ ఇలాగే ఉంచాలి" అన్నాము.

విద్యార్థిని అనువదించింది. ఆవిడ నవ్వి మమ్మల్ని ఎగాదిగా చూసింది. "మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉందా?" అని అడిగింది.

ఉందన్నాము. ఎన్ని అని అడిగింది. మూడు అని చెప్పడానికి ఎందుకో మొహమాటపడి, "ఉన్నాయి" అన్నాము.

"మాకు సందు మలుపులో ఉంది, అందరికీ కలిపి. ఇప్పుడు శుభ్రంగానే ఉంచుతున్నారు. జనవరిలో రాత్రి రెండు గంటలకు లేచి, ఈ మోకాళ్ళతో, మంచు మీద అక్కడిదాకా నడిచి రండి. తరువాత ఇలాగే ఉంచాలో వద్దో చెబుదురు గాని."

మేము వైద్యులం. ఆ మాటతో ఒక్కసారి ఆ వాకిలిని వైద్యుల కళ్ళతో చూశాము. మెట్ల అంచులు చూశాము, ఇరుకు దారిలో స్ట్రెచరు తిరగదని చూశాము. కిటికీ పై భాగాన ఒక రంధ్రానికి బిగించిన పాత గూడు లాంటిది కనబడితే ఏమిటని అడిగాము. బొగ్గు గాలి పోవడానికట. బీజింగ్ ఇళ్ళలో తేనెపట్టులా చిల్లులున్న గుండ్రటి బొగ్గు దిమ్మలు కాల్చి చలి కాచుకునేవారు. చలికి కిటికీలు బిగించుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిండి, నిద్రలోనే ప్రాణాలు పోయేవి. దానికి రంగూ వాసనా లేవు, మనిషి తెల్లవారేసరికి లేవడు. "ఈ వరుసలోనే ఒక చలికాలం ఇద్దరు పోయారు" అంది ఆవిడ, పాత సంగతి చెప్పినట్లుగా. నడిమి నగరంలోని రెండు జిల్లాల్లో బొగ్గు మాన్పించి కరెంటు హీటర్లు పెట్టించడం 2015 నాటికి దాదాపు పూర్తయింది. పాత ఇల్లు అందంగా ఉన్న రోజుల్లో చంపింది కూడా.

"అయితే కొత్త ఫ్లాటు ఇస్తే వెళ్ళిపోతారా?" అని అడిగాము.

ఈసారి ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. కొడుకు ఊరి చివర పదిహేనో అంతస్తులో ఉంటున్నాడట. అక్కడ ఒక వారం ఉండి వచ్చింది. మరుగుదొడ్డి పడక పక్కనే, వేడినీళ్ళు, లిఫ్టు. "వారం రోజుల్లో నా తలుపు ఎవరూ తట్టలేదు" అంది. ఇక్కడ మూడేళ్ళ క్రితం మంచు మీద జారి పడితే, కేక వినకముందే ఎదురు గదివారు వచ్చి లేపారట. పొద్దున్నే తన తెర తీయకపోతే ఎనిమిదింటికల్లా ఎవరో ఒకరు వచ్చి చూస్తారట. అదీగాక ఆవిడ చూపించుకునే పెద్దాస్పత్రి ఇక్కడికి దగ్గర. ఊరి చివరకు పంపబడిన ఆవిడ ఈడువారు రెండు బస్సులు మారి అదే ఆస్పత్రికి వస్తున్నారు.

అంటే ఉండాలనా, పోవాలనా? రెండూ నిజమే. ఆవిడకు కావలసింది ఆ చెట్టు, ఆ ఎదురు గదివారు, వాటితోపాటు గది పక్కన ఒక మరుగుదొడ్డి. అడగకూడనిదేమీ అడగలేదు. ఇల్లు ఉంచాలన్నవారు ఆవిడకు మరుగుదొడ్డి కట్టలేదు, పడగొట్టాలన్నవారు పొరుగువారిని కట్టి ఇవ్వలేరు.

చేసి చూపినవారు లేకపోలేదు. లియాంగ్‌తో కలిసి పనిచేసిన వూ లియాంగ్‌యోంగ్, 1987 నుంచి జూర్ హుతోంగ్‌లో శిథిలమైన వాకిళ్ళ స్థానంలో రెండు మూడు అంతస్తుల ఇళ్ళను వాకిలి చుట్టూనే, పాత చెట్లు ఉంచి కట్టించాడు. ప్రతి ఇంటికీ వంటిల్లు, మరుగుదొడ్డి. 1992లో దానికి ప్రపంచ ఆవాస పురస్కారం వచ్చింది. మేము వెళ్ళి చూశాము. తెల్ల గోడలు, బూడిద పెంకులు, వాకిలిలో చెట్టు కింద ముసలివారు. అయితే కట్టిన ఖర్చు భరించలేక పాతవారందరూ తిరిగి రాలేకపోయారు. పాత నగరాన్ని ఇక కూల్చకూడదని 2017లో ఆమోదించిన నగర ప్రణాళిక చెబుతున్నది. 2024 జూలైలో నగరపు నడిమి గీత, అంటే కోట గుండా ఉత్తర దక్షిణాలుగా పోయే కట్టడాల వరుస, ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కొన్ని వాకిళ్ళను బాగుచేసి కోట్లకు అమ్ముతున్నారు. అక్కడ గుమ్మాల రంగు బాగుంది, గుమ్మం ముందు పెద్ద కార్లు బాగున్నాయి. తలుపు తట్టేవారు మాత్రం కనబడలేదు.

చివరి రోజు ఫెంగ్‌ఫూ హుతోంగ్‌లో లావో షే ఇల్లు చూశాము. అమెరికా నుంచి తిరిగి వచ్చాక 1950లో కొనుక్కున్న చిన్న వాకిలి. భార్యాభర్తలు నాటిన రెండు పెర్సిమన్ చెట్లు ఇంకా కాస్తున్నాయి. 1966 ఆగస్టులో రెడ్ గార్డుల చేత దెబ్బలు తిని, మరునాడు ఆయన ఒక చెరువులో ప్రాణం తీసుకున్నాడు. 1999 నుంచి ఆ ఇల్లు మ్యూజియం. ఇల్లు చాలా శుభ్రంగా ఉంది. పొయ్యిలో నిప్పు లేని ఇల్లు ఎంత శుభ్రంగా ఉంటుందో అంత శుభ్రంగా.

సొరుగులోని కాగితం

తిరిగి వచ్చాక మొదటి ఆదివారం బాబాయిగారికి ఫోను చేశాము. ఏ రోగి వచ్చినా మేము మొదట అడిగే ప్రశ్న "మీ బాధ ఏమిటి?" అని. ఇన్నేళ్ళలో మా ఇంటి గురించి మావాళ్ళను ఆ ప్రశ్న అడగలేదని నాయనమ్మ ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. ఈసారి అడిగాము.

ఆయన చాలాసేపు ఏమీ లేదన్నారు. తరువాత ఒక్కొక్కటీ బయటపడింది. మరుగుదొడ్డి దొడ్లో ఉంది, వానాకాలం రాళ్ళు పాచి పడతాయి. శ్రావణంలో పిన్ని జారి పడి, మణికట్టు విరిగి, నెలన్నర కట్టు వేసుకుంది. "మీరు డాక్టర్లు, కంగారు పడతారని చెప్పలేదమ్మా" అన్నారు. కోతులు పెంకులు పీకుతున్నాయి. ఏటా వానలకు ముందు పెంకు తిరగవేయించడానికి పనివాళ్ళు దొరకడం లేదు. రెండు టేకు దూలాలకు చెద పట్టింది. మండువాలో చాప మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టిన రోజులు మావి, అక్కడ రాత్రి టార్చిలైటు పట్టుకుని దొడ్లోకి నడిచే రోజులు వారివి. అందం చూసేవారు ఒకరు, కాపురం చేసేవారు ఇంకొకరు. నిర్ణయం మాత్రం చూసేవారే చేశాము, అదీ పది వేల మైళ్ళ దూరం నుంచి.

ముందు పడకగది పక్కన మరుగుదొడ్డి, స్నానాలగది కట్టించమని డబ్బు పంపాము. దూలాల సంగతి చూడడానికి వడ్రంగిని పిలిపించమన్నాము. ఆ పైన ఆ ఇల్లు ఉంచాలన్నా పడగొట్టాలన్నా పిన్నీ బాబాయీ ఎలా చెబితే అలా సంతకం పెడతామన్నాము. దానికి ఆయన, "సంతకానికి తొందరేముంది? సంక్రాంతికి పిల్లలతో రండి. ఒక పది రాత్రులు ఈ ఇంట్లో పడుకోండి. అప్పుడు అందరం కూర్చుని చెప్పుకుందాం" అన్నారు. టిక్కెట్లు కొన్నాము.

మనలో చాలామంది సొరుగుల్లో ఇలాంటి కాగితమే ఒకటి ఉండి ఉంటుంది. సంతకం పెట్టండి, పెట్టకండి అని మేము చెప్పబోవడం లేదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నవారిని రాత్రిపూట ఎలా గడుస్తున్నదో ఒక్కసారి అడగండి. మరొక విన్నపం. మీ ఊళ్ళో మండువా ఇల్లు ఉన్నా, ఉండి పోయినా, దాని పటం గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద గీసి, ఏ గదిలో ఎవరు పడుకునేవారో రాసి సంపాదకులకు పంపండి. వీలునుబట్టి ఒక్కొక్కటే ఈ పత్రికలో వేద్దాము. మాది సంక్రాంతికి వెళ్ళినప్పుడు టేపు పెట్టి కొలిచి తెస్తాము.